జెనిఫర్ పిడికిలి

బందరులో మా ఆడపిల్లల కాలేజీ కబడ్డీ జట్టు ఎక్కడికి పోటీలకు వెళ్ళినా వెంట ఒక లేడీ లెక్చరర్ ఉండి తీరాలని నియమం. ఆ మాట వచ్చేసరికి స్టాఫ్‌రూములో అందరి అత్తగార్లకూ ఒంట్లో బాగుండదు, అందరి పిల్లలకూ పరీక్షలుంటాయి. నాకు అత్తగారు లేరు, మా అబ్బాయి ఉద్యోగంలో పడ్డాడు. అందుకని ఆ నియమం ఎప్పుడూ నా నెత్తినే పడుతుంది. ఎకనామిక్స్ చెప్పుకునేదానికి కబడ్డీతో పనేమిటని ప్రిన్సిపాల్ గారితో చాలాసార్లు పోట్లాడాను, ఒక్కసారీ గెలవలేదు. అలా ఆటలో ఓనమాలు తెలియని నేను గుడివాడలో ఒక మైదానంలో, గీత పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, జెనిఫర్ మోకాలు పోవడం కళ్ళారా చూశాను.

అప్పటికి ఆ పిల్ల డిగ్రీ మొదటి సంవత్సరం. దివిసీమలోని కోడూరు నుంచి వచ్చి బందరులో హాస్టల్లో ఉండేది. తండ్రి హరిబాబు వేరేవాళ్ళ రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటూ మేత వేస్తాడు, తల్లి సరోజిని అంగన్‌వాడీలో ఆయా. పొడుగ్గా కొబ్బరీనెలా ఉండే జెనిఫర్ క్లాసులో నోరు విప్పేది కాదు గానీ, కూతకు వెళ్ళిందంటే మైదానం చుట్టూ ఉన్న జనం లేచి నిలబడేవారు. కూత అంటే 'కబడ్డీ కబడ్డీ' అంటూ ఊపిరి తియ్యకుండా ఒంటరిగా అవతలి జట్టు సగంలోకి వెళ్ళి, ఎవర్నైనా తాకి, దొరక్కుండా వెనక్కి రావడం. ఆ పిల్ల వెళ్ళడం కనబడేది, రావడం కనబడేది, మధ్యలో ఏం చేసిందో నాకెప్పుడూ అంతుపట్టేది కాదు.

ఆ రోజు ఉదయం నుంచి టీవీల్లో తుపాను వార్తలే. ఒకప్పటి ఉప్పెనలో ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకుపోయిన దివిసీమ వాళ్ళ దగ్గర ఆ మాట ఎత్తితే చాలు, నవ్వుతున్న మొహం కూడా నల్లబడిపోతుంది. జెనిఫర్ తండ్రి చెరువు గట్టు మీద ఉన్నాడు, ఫోను కలవడం లేదు. ఆ సంగతి తోటి ఆటగత్తె శ్రీజకు తప్ప ఎవరికీ చెప్పలేదు, చెప్పమని మేమెవరమూ అడగలేదు. ఫోను బెంచీ మీద పెట్టి కూతకు వెళ్ళింది. అవతలి వాళ్ళు ఇంకా దూరంగానే ఉన్నారు. వెనక్కి తిరగబోయింది. పాదం నేలకు అతుక్కుపోయినట్టు అక్కడే ఉండిపోయింది, ఒళ్ళు మాత్రం ఎడమకు తిరిగింది. ఎవరూ ముట్టుకోలేదు. మునక్కాడ విరిచినట్టు ఒక చప్పుడు నా కుర్చీదాకా వినపడింది. ఆ తరవాత చాన్నాళ్ళు మా ఇంట్లో మునక్కాడల పులుసు పెట్టలేదు.

తుపాను దారి మళ్ళి ఎటో పోయింది. హరిబాబుకు ఏమీ కాలేదు, ఫోన్లో చార్జింగ్ అయిపోయిందంతే. పిల్లకు మాత్రం విజయవాడలో ఆపరేషను చేశారు. ఏడాది దాటాక డాక్టరు చూసి, మోకాలు గట్టిపడింది, ఇక ఆడుకోవచ్చన్నారు.

ఆ ఏడాదిలో బాగా మారిపోయిన మనిషి మా ఫిజికల్ డైరెక్టర్ వీరదుర్గ. కాలేజీలో అందరూ పీడీ మేడం అంటారు. గొంతు విప్పితే ఊరి మధ్య కోనేరు సెంటర్‌దాకా వినపడుతుంది. అలాంటి మనిషి ఒకరోజు నా పక్కన కూర్చుని చాలా నెమ్మదిగా చెప్పింది. "ఆ రోజు పిల్ల కళ్ళు చూశానండీ. ఎక్కడో ఉన్నాయి. ఏంటమ్మా అని ఒక్క మాట అడిగుంటే ఆపేదాన్నే. స్కోరు చూసి పంపించేశాను."

ఆ బాధతోనే హైదరాబాదులో ఎవరో సైకాలజీ చదివినావిడ ఆటల మాస్టార్లకు క్లాసులు చెబుతోందని తెలిసి, సెలవు పెట్టుకుని వెళ్ళింది. తిరిగొచ్చాక ప్రాక్టీసు రూపమే మార్చేసింది. దెబ్బలన్నీ ఒంటి తప్పువల్ల తగలవంది. మనసు బెదిరినప్పుడు కండరాలు బిగుసుకుంటాయి, చూపు ఇరుకైపోతుంది, ఎదురుగా ఉన్న మనిషి తప్ప పక్కనుంచి వచ్చే మనిషి కనబడదు, దెబ్బ అప్పుడు తగులుతుందని నాకు టీ తాగుతూ వివరించింది. స్టాఫ్‌రూములో వాళ్ళు, పీడీ మేడం కబడ్డీ మానేసి సన్యాసం పుచ్చుకుందని ఆటపట్టించారు. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను, నవ్వు వస్తే ఆపుకునే అలవాటు నాకు లేదు.

ఆమె పద్ధతి ఇది. ఆటకు ముందు పిల్లలందరినీ వరసగా నిలబెట్టి చేతులు వెనక్కి పెట్టుకోమంటుంది. ఎంత భయంగా ఉంటే అన్ని వేళ్ళు చూపాలి. అసలు లేకపోతే పిడికిలి. తను వెనకనుంచి నడుచుకుంటూ చూస్తుంది. ఎవరి వేళ్ళు ఎన్నో పక్క పిల్లకు తెలియదు. వేళ్ళు ఎక్కువ చూపించిన పిల్లను పక్కకు తీసుకెళ్ళి మాట్లాడుతుంది, నిదానంగా ఊపిరి వదలడం చేయిస్తుంది, కళ్ళు మూసుకుని ఆట మొత్తం లోపల ఆడి చూసుకోమంటుంది. ఇంకొకటి తువ్వాలు. పిల్ల కూతలో ఉండగా తను గీత పక్కన నిలబడి ఏదో రంగు తువ్వాలు ఒక్క క్షణం ఎత్తి దించేస్తుంది. పిల్ల తిరిగొచ్చాక ఏ రంగని అడుగుతుంది. చెప్పగలిగితే చూపు నాలుగు వైపులా తిరుగుతోందని లెక్క.

శ్రీజ లాంటి మొండిఘటం కూడా ఒకోసారి రెండు వేళ్ళు చూపేది. జెనిఫర్ మళ్ళీ జట్టులోకి వచ్చిన రోజునుంచీ పిడికిలే. తువ్వాలు రంగు మాత్రం ఒక్కసారీ చెప్పలేకపోయింది. ఎరుపని, పసుపని ఏదో ఒకటి అనేసేది.

ఆ పిడికిలి ఎక్కడినుంచి వచ్చిందో నాకు కోడూరులో తెలిసింది. ఆపరేషను నాడు వాళ్ళ చర్చి సంఘం వాళ్ళంతా ఉపవాసం ఉండి ప్రార్థన చేశారట. పిల్ల మళ్ళీ ఆడుకోవచ్చని డాక్టరు చెప్పాక కృతజ్ఞత కూడిక, అంటే ప్రార్థన సభ, పెట్టుకుని, పీడీ మేడంనీ నన్నూ పిలిచారు. వెళ్ళాం. మా వైపు మొక్కు తీర్చుకున్నట్టే వాళ్ళు సాక్ష్యం చెబుతారు. దేవుడు తమకు చేసిన మేలు పదిమంది ముందు నిలబడి చెప్పడం. సరోజిని తెల్లచీర కట్టుకుని మైకు పట్టుకుంది. దాన్ని రెండు చేతులా బిగించి పట్టుకుంది.

"నా బిడ్డ మోకాలు దేవుడు ముట్టాడు. నొప్పి తీసేశాడు, భయం తీసేశాడు. నా బిడ్డకి ఇప్పుడు ఇసుమంత కూడా భయం లేదు" అంది. అందరూ స్తోత్రం అన్నారు. జెనిఫర్‌ను ముందుకు పిలిచారు. పిల్ల నవ్వుతూ వచ్చి, ఎవరూ అడక్కుండానే రెండు కాళ్ళ మీద ఎగిరి చూపించింది. చప్పట్లు మోగాయి.

కూడిక అయ్యాక దీనమ్మ అనే ముసలావిడ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆవిడ మోకాళ్ళు వంకర్లు తిరిగిపోయి ఉన్నాయి. కింద కూలబడి జెనిఫర్ మోకాలి మీద చెయ్యి వేసి, "నీకు తీసేశాడు గదమ్మా, నాకూ తీసేస్తాడులే. నిన్ను చూశాకే నాకు నమ్మకం కుదిరింది" అంది. అప్పుడు చూశాను జెనిఫర్ మొహం. నవ్వు మొహం మీద అలాగే ఉంది, కళ్ళు మాత్రం బిక్కచచ్చిపోయి తలుపు వైపు చూస్తున్నాయి. ఇక ఈ పిల్ల భయమని ఏ నోటితో చెబుతుంది? చెబితే తల్లి మాట అబద్ధమవుతుంది. దీనమ్మ నమ్మకం ఏమవుతుంది?

ఆ సాక్ష్యం చుట్టుపక్కల ఊళ్ళకు కూడా పాకింది. స్త్రీల కూడికలకు తల్లీకూతుళ్ళను పిలవడం, సరోజిని చెప్పడం, జెనిఫర్ ఎగరడం.

నేను చూస్తూనే ఉన్నాను. బస్సు దిగేటప్పుడు అందరూ దిగేదాకా ఆగేది. రెండు చేతులా కడ్డీ పట్టుకుని, బాగున్న కాలు ముందు కిందపెట్టి, ఆ తరవాత రెండోదాన్ని దొంగతనంగా దించేది. వాన పడిన రోజున కాలేజీ మెట్ల దగ్గర చెప్పులు సర్దుకుంటున్నట్టు నటిస్తూ నిలబడిపోయేది. కూతలో గొంతు సన్నబడి పైకి వెళ్ళేది. ఉండబట్టలేక పీడీ మేడంని నిలదీశాను.

"కనపడట్లేదా మీకు? ఆ పిల్ల వణికిపోతోంది. ఎందుకు ఆడిస్తున్నారు?"

"కనపడుతోందండీ. నాకు తెలిసి లాభం లేదు, ఆ పిల్ల నోటితో రావాలి. భయం ఉందంటే దాంతో ఏం చెయ్యాలో నేర్పగలను. లేదంటుంటే దేన్ని పట్టుకోను? పక్కకి పిలిచి అడిగితే, దేవుడు బాగుచేశాడు మేడం, భయమెందుకు అంటుంది. ఆ మాట మీద నేనేం మాట్లాడేది చెప్పండి. మానెయ్యమంటే ఏడుస్తుంది. అందుకే కూతలు తగ్గించి పంపుతున్నా." ఆగి మళ్ళీ అంది, "నాకూ అన్నం సయించట్లేదండీ."

ఈ ఏడు కాలేజీల పోటీలు మళ్ళీ గుడివాడలోనే పెట్టారు. అదే మైదానం. మా ఖర్మకొద్దీ మా జట్టు ఫైనల్‌కు వచ్చింది. ఆ పొద్దున కోడూరు నుంచి వ్యాను మాట్లాడుకుని సంఘం ఆడవాళ్ళు దిగారు. దీనమ్మను ఇద్దరు రెక్కలు పట్టుకుని దించారు. మా పిల్లల బెంచీకి సరిగ్గా వెనకాల పట్టాలు పరుచుకుని కూర్చుని పాట అందుకున్నారు. ఆట మొదలయ్యే ముందు పిల్లలు చేతులు వెనక్కి పెట్టుకుంటే, అదేమిటని సరోజిని నన్ను అడిగింది. చెప్పాను. కూతురి పిడికిలి చూసుకుని ఆవిడ మొహం చాటంత అయింది. పక్కవాళ్ళకు చూపించింది. "చూశారా, పిడికిలి" అని దీనమ్మ కూడా మురిసిపోయింది.

మొదటి సగంలో జెనిఫర్ రెండుసార్లు కూతకు వెళ్ళింది. మొదటిసారి వెళ్ళినదారినే వచ్చేసింది. రెండోసారి ఎదురుగా ఉన్న పిల్ల మీదే కళ్ళు గుచ్చి లోపలికి వెళ్ళింది. ఎడమ మూలనుంచి ఇంకో పిల్ల వస్తోంది. మైదానం మొత్తానికి కనబడుతోంది. జెనిఫర్‌కు కనబడలేదు. శ్రీజ అరిచింది. ఇద్దరూ గుద్దుకుని పడ్డారు. అవతలి పిల్ల భుజం పట్టుకుని మెలికలు తిరుగుతుంటే నేను కుర్చీలోంచి లేచిపోయాను. ఆ పిల్ల కాసేపటికి లేచి చెయ్యి ఆడించుకుంది. జెనిఫర్ అంతకు ముందే లేచి నిలబడి తల్లివైపు చూసి నవ్వింది. దెబ్బ కన్నా ఆ నవ్వుకే నేను ఎక్కువ హడలిపోయాను. ఒంట్లో ఎక్కడా లేని నవ్వు అది.

సగం ఆటకు విరామం ఇచ్చారు. పీడీ మేడం పిల్లలను బెంచీ ముందు నిలబెట్టి, "చేతులు వెనక్కి" అంది. వెనకనుంచి నడుచుకుంటూ వచ్చి జెనిఫర్ దగ్గర ఆగింది. పిడికిలే. మేడం ఆ పిడికిలిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మంచులా ఉందే చెయ్యి" అంది. గొంతు చాలా తగ్గించింది గానీ దగ్గరున్న నాకు వినపడింది. "ఆ రోజు నిన్ను అడగలేదు. ఇవాళ అడుగుతున్నా. భయముంటే ఆడలేవని కాదమ్మా. నేను రోజూ నీ గురించి భయపడుతూనే కాలేజీకొస్తున్నా. దాచుకుని వెళ్తే మాత్రం మళ్ళీ అదే జరుగుద్ది. నీకో, ఇందాకటి ఆ పిల్లకో."

జెనిఫర్ కదల్లేదు. తోటి పిల్లలకు ఆ చెయ్యి కనబడదు. వెనక కూర్చున్న వాళ్ళకు మాత్రం ఎదురుగా ఉంది. పాట సాగుతూనే ఉంది. నేను ఆ చేతి వంకే చూస్తున్నాను. విప్పుతుందేమోనని భయం, విప్పదేమోనని అంతకన్నా భయం. బొటనవేలు ముందు వదులైంది. తరవాత ఒక్కొక్క వేలే. అయిదూ విచ్చుకున్నాయి. ఇంకా చాలనట్టు రెండో చెయ్యి కూడా విప్పింది.

పాట ఆగిపోయింది. ఒక గొంతు కాసేపు ఒంటరిగా సాగి అదీ ఆగింది. సరోజిని ఆ వేళ్ళవైపు చూస్తూ అలాగే ఉండిపోయింది. పక్కావిడ చెవిలో ఏదో అంటే కూడా తల తిప్పలేదు. దీనమ్మ కళ్ళు చికిలించి, "ఎన్ని చూపించింది? పిడికిలేనా?" అని అడుగుతోంది.

పీడీ మేడం మాత్రం, గండం గడిచినట్టు, గట్టిగా ఊపిరి వదిలింది. పిల్లను బెంచీ మీద కూర్చోబెట్టి తను ఎదురుగా నేలమీద కూర్చుంది.

"దేనికి భయం? మాటల్లో చెప్పు."

"తిరిగేటప్పుడు మేడం."

"ఎటు?"

"ఎడమకి. ఆ చప్పుడు మళ్ళీ వస్తదేమోనని. కూత మొదలుపెడితే అదే వినపడతా ఉంటది." చెబుతుంటే పళ్ళు టకటకలాడుతున్నాయి.

"సరే. ఇప్పుడు పట్టుకోడానికి ఏదో దొరికింది మనకి. ఊపిరి వదులు. ఇంకా. దవడ వదులు చెయ్యి. కళ్ళు మూసుకుని కూతకెళ్ళు. అడుగులు చిన్నవి వెయ్యి. తిరిగే ముందు రెండు పాదాలూ నేలమీదున్నాయా? మోకాళ్ళు కొంచెం వంగినయ్యా? ఇప్పుడు తిరుగు. వెనక్కొచ్చావా? మళ్ళీ వెళ్ళు."

రెండో సగం మొదలైంది. జెనిఫర్ స్థానంలో ఇంకో పిల్ల దిగింది. జెనిఫర్ బెంచీ మీద కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ, లోలోపల ఎన్నిసార్లు గుడివాడ మైదానంలో తిరిగిందో తెలియదు. మేము వెనకబడ్డాం. కాసేపటికి తనే లేచి, "వెళ్తా మేడం" అంది.

"ఎన్ని?" అంది పీడీ మేడం.

"మూడు."

"వెళ్ళు. భయం ఉంటే ఉండనీ. కళ్ళు మాత్రం నాలుగు వైపులా తిరగాలి."

ఆ పిల్ల గీత దాటుతుంటే సరోజిని వచ్చి నా పక్కన నిలబడింది. నా మణికట్టు పట్టుకుంది. గాజులు చర్మంలోకి దిగుతున్నా నాకు నొప్పి తెలియలేదు. జెనిఫర్ కూత ఈసారి కింద స్థాయిలో, బరువుగా వినిపించింది. అడుగులు చిన్నవి. తల కుడికి తిరిగింది, ఎడమకు తిరిగింది. మూల పిల్ల కదలగానే చూసేసింది. ఆగింది. రెండు పాదాలు. ఎడమకు తిరిగింది. నేను కళ్ళు మూసుకున్నాను, చెవులు మూసుకునే వీలు లేకపోయింది. ఏ చప్పుడూ రాలేదు. కళ్ళు తెరిచేసరికి పిల్ల మా వైపు గీత దాటి నిలబడి ఉంది. ఎవర్నీ తాకలేదు, ఒక్క పాయింటూ తేలేదు.

"రంగు?" అని అరిచింది పీడీ మేడం.

"ఆకుపచ్చ" అంది జెనిఫర్.

మేడం చేతిలోని ఆకుపచ్చ తువ్వాలుతో మొహం తుడుచుకుంది. జెనిఫర్ ఆ తరవాత ఇంకొన్ని కూతలకు వెళ్ళి ఒకరిద్దరిని తాకి వచ్చింది గానీ అప్పటికే ఆలస్యమైంది. ఓడిపోయాం. పెద్ద తేడాతో కాదు, అయినా ఓటమి ఓటమే. వ్యాను దగ్గర సంఘం ఆడవాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. విశ్వాసం తక్కువైందని ఒకావిడ అంది. దీనమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా కర్ర మీద గడ్డం ఆనించి కూర్చుంది. ఆవిడ వైపు చూడటానికి నాకే ధైర్యం చాల్లేదు.

జెనిఫర్ మైదానం పక్కన కుళాయి దగ్గర మట్టికాళ్ళతో నిలబడి ఉంది. ఆ పిల్ల బ్యాగు ఇద్దామని వెళ్ళాను. అప్పటికే సరోజిని అక్కడ ఉంది. చెంబుతో నీళ్ళు పట్టి కూతురి పాదాల మీద పోస్తోంది. తిడుతుందేమోనని నేను రెండడుగుల దూరంలో ఆగిపోయాను.

"ఎప్పట్నించే భయం?" అంది సరోజిని తల ఎత్తకుండా.

"మొదట్నించీ."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అప్పటికే అందరికీ చెప్పేశావు గదమ్మా."

సరోజిని చేతిలో చెంబు నిండి పొర్లిపోతోంది. కుళాయి కట్టేసే ధ్యాస కూడా లేదు ఆవిడకు.

"నేను ధైర్యం ఉండి చెప్పాననుకున్నావా" అంది చివరికి. "మళ్ళీ ఆడతానన్నావు చూడు, ఆనాటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు. పదిమందిలో గట్టిగా చెప్తే నిజమైపోద్దేమో, నీ భయం నా భయం రెండూ పోతాయేమో అని చెప్పా."

ఊరూరా అందరూ చెయ్యి వేసి చూసిన మోకాలు అది. ఆపరేషను కుట్లు విప్పిన నాటినుంచి తల్లి మాత్రం ఒక్కసారీ ముట్టుకోలేదని తరవాత నాకు శ్రీజ చెప్పింది. సరోజిని చెంబు కింద పెట్టి, తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని, ఆ మోకాలి దాకా చాచి ఆగిపోయింది.

"ముట్టుకుంటే నొప్పి పుట్టుద్దా?" అని అడిగింది.

"ఏం కాదమ్మా" అంది జెనిఫర్. "నాకూ భయమే, అయినా ముట్టుకో."